ఇంజినే లేని కారుకు సర్వీస్ ప్లాన్ ఎందుకు?

గత వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం హైదరాబాద్‌లోని ఓ కార్ల షోరూమ్ నుంచి మా అక్క ఫోన్ చేసింది. ఆఫీసు వాళ్లు ఇచ్చే లీజు పథకం కింద మూడేళ్లకు ఎలక్ట్రిక్ కారు తీసుకుంటోంది. సంతకాలన్నీ అయిపోయాయి అనుకుంటుండగా సేల్స్ ఎగ్జిక్యూటివ్ ఇంకో ఫారం ముందు పెట్టాడట. మూడేళ్ల మెయింటెనెన్స్ ప్లాన్ 20 వేలు, ఆ పైన రెండేళ్ల అదనపు వారంటీ 16 వేలు, మొత్తం 36 వేలు. "లీజులో కలిపేస్తాం మేడమ్, నెలకు వెయ్యి రూపాయలే. ఇది తీసుకోకపోతే రేపు బ్యాటరీ వారంటీకి ఇబ్బంది వస్తుంది. అందరూ తీసుకుంటున్నారు" అన్నాడట.

"ఒరేయ్, నువ్వు ఫిజిక్స్ చదివావు కదా. ఈ కారుకు సర్వీసింగ్ కావాలా, అక్కర్లేదా? ఒక్క మాటలో చెప్పు. ఆయన ఎదురుగానే కూర్చున్నాడు" అంది అక్క.

"ఇంజినే లేనప్పుడు సర్వీసింగ్ ఏమిటక్కా, వద్దని చెప్పెయ్" అన్నాను.

అక్క తొందరపడే మనిషి కాదు. సోమవారం చెబుతానని వచ్చేసింది. ఆ రాత్రి కారు మాన్యువల్, లీజు ఒప్పందం రెండూ తెప్పించుకుని చదివితే తెలిసింది, నా జవాబు సగం తప్పని. సేల్స్ ఎగ్జిక్యూటివ్ మాట కూడా నిజం కాదని. ఎలక్ట్రిక్ కారులో ఏది అరుగుతుంది, ఏది అరగదు, ఏది అరిగినా సర్వీసింగ్‌తో బాగుపడదు అనే మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే ఆ ఫారం మీద సంతకం చేయాలో వద్దో మనకే తెలుస్తుంది.

పెట్రోల్ కారుకు సర్వీసింగ్ ఎందుకు?

నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ ప్రతి రెండు చుట్లకు ఒకసారి ఇంధనాన్ని మండిస్తుంది. అంటే నిమిషానికి మొత్తం 4,000 సార్లు ఆ లోహపు గదుల్లో మంట పుడుతుంది. పిస్టన్లు పైకీ కిందికీ గోడలను రాసుకుంటూ కదులుతాయి. ఆ ఘర్షణను తట్టుకోవడానికే ఇంజిన్ ఆయిల్. మంటల్లో పుట్టే మసి, ఆమ్లాలు, కాలని ఇంధనం కొంత ఆ ఆయిల్‌లోనే కలుస్తాయి. కాబట్టి ఆయిల్ పాడవుతుంది, మార్చాలి. దానితోపాటు ఆయిల్ ఫిల్టర్, గాలి ఫిల్టర్, ఇంధన ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, బెల్టులు, కొన్నాళ్లకు క్లచ్. మన సర్వీస్ సెంటర్ బిల్లులో పెద్ద భాగం ఈ మంట చుట్టూ తిరిగేదే.

ఎలక్ట్రిక్ మోటారులో మంట లేదు. స్టేటర్ అనే స్థిర భాగంలో తిరిగే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. మధ్యలోని రోటర్ దాన్ని వెంబడిస్తూ తిరుగుతుంది. రెండింటి మధ్య సన్నని గాలి ఖాళీ ఉంటుంది తప్ప అవి ఒకదాన్నొకటి తాకవు. రాపిడి ఉండేది ప్రధానంగా రోటర్‌ను మోసే బేరింగుల దగ్గర, వేగాన్ని తగ్గించి చక్రాలకు అందించే గేర్ల దగ్గర. ఆ గేర్లకు నూనె ఉంటుంది కానీ అందులో మసి చేరదు కాబట్టి చాలాకాలం మన్నుతుంది.

ఈ తేడా డబ్బులో ఎంత? అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల 2021లో ఒక నివేదిక ఇచ్చింది. నిర్ణీత కాలంలో చేయించాల్సిన మరమ్మతులూ మార్పులకు పెట్రోల్ కారుకు మైలుకు 10.1 సెంట్లు, బ్యాటరీ కారుకు 6.1 సెంట్లు ఖర్చవుతుందని అంచనా వేసింది. అంటే దాదాపు 40 శాతం తక్కువ. గమనించండి, తక్కువే కానీ సున్నా కాదు. నేను అక్కకు చెప్పినది సున్నా.

బ్రేకులు ఎందుకు తక్కువ అరుగుతాయి?

కారు బరువు 1,600 కిలోలు, వేగం గంటకు 50 కి.మీ. అనుకుందాం. అంటే సెకనుకు 13.9 మీటర్లు. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిజ శక్తి వస్తుంది: దాదాపు 1,54,000 జౌల్స్. సిగ్నల్ దగ్గర కారు ఆగాలంటే ఈ శక్తి ఎక్కడికో పోవాలి. పెట్రోల్ కారులో అది బ్రేక్ ప్యాడ్ల రాపిడి వల్ల వేడిగా మారుతుంది. నాలుగు ఇనుప డిస్కులూ కలిపి 24 కిలోలనుకుంటే, ఒక్కసారి ఆగినప్పుడే వాటి ఉష్ణోగ్రత సగటున 14 డిగ్రీలు పెరుగుతుంది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వెళ్లేలోపు ఎన్నిసార్లు ఆగుతామో లెక్క వేసుకోండి. ఆగిన ప్రతిసారీ ప్యాడ్ కొంచెం అరుగుతుంది.

ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే మోటారే జనరేటర్‌గా మారుతుంది. చక్రాల వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతుంది. దీన్నే రీజనరేటివ్ బ్రేకింగ్ అంటారు. ప్యాడ్లకు మిగిలేది చివరి కొద్ది వేగం, సడన్ బ్రేకులు మాత్రమే. అందుకే ప్యాడ్లు పెట్రోల్ కారులో కంటే చాలా ఎక్కువ కాలం వస్తాయి.

అయితే వాడకపోవడం వల్ల వచ్చే కష్టం ఒకటుంది. ప్యాడ్లు తరచూ ఒరుసుకుంటే డిస్కు శుభ్రంగా ఉంటుంది. ఒరుసుకోకపోతే తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ప్యాడ్లను కదిలించే పిన్నులు బిగుసుకుపోతాయి. కాబట్టి అప్పుడప్పుడూ ఖాళీ రోడ్డులో కాస్త గట్టిగా బ్రేక్ వేయడం, ఏడాదికోసారి ఆ పిన్నులు శుభ్రం చేయించి గ్రీజు పెట్టించడం మంచిది.

నా జవాబులో అసలు తప్పు

మాన్యువల్లో నన్ను ఆపిన వాక్యం బ్రేక్ ఆయిల్ గురించి: రెండేళ్లకోసారి మార్చాలి. కారు తిరిగినా, తిరగకపోయినా.

మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచేది నిజానికి నూనె కాదు, గ్లైకాల్ రకం ద్రవం. పెడల్ మీద కాలితో వేసిన ఒత్తిడిని అది చక్రాల దాకా మోస్తుంది. ద్రవాలు నొక్కితే కుదించుకుపోవు కాబట్టే ఇది సాధ్యం. కానీ ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రబ్బరు గొట్టాల గుండా కూడా కొద్దికొద్దిగా నీరు చేరుతుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 4 రకం ద్రవం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి మాత్రం నొక్కితే కుదించుకుపోతుంది. అప్పుడు పెడల్ తొక్కితే కిందికి దిగిపోతుంది, కారు ఆగదు.

రీజనరేటివ్ బ్రేకింగ్ ఉందిగా, భయమెందుకు అంటారా? అరకు నుంచి విశాఖకు దిగే ఘాట్ రోడ్డును తీసుకోండి. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. 1,600 కిలోల కారు అంత ఎత్తు దిగేటప్పుడు వదులుకునే స్థితిజ శక్తి సుమారు 1.4 కోట్ల జౌల్స్, అంటే దాదాపు 3.9 యూనిట్ల కరెంటు. 40 యూనిట్ల బ్యాటరీలో ఇది పదో వంతు. గాలి నిరోధం, టైర్ల రాపిడి కొంత తినేసినా మిగతాది ఎక్కడో ఒకచోటికి చేరాలి. రాత్రి హోటల్లో నూటికి నూరు శాతం ఛార్జి చేసుకుని పొద్దున్నే దిగడం మొదలుపెట్టారనుకోండి, బ్యాటరీలో చోటు లేదు. అప్పుడు కారు రీజనరేషన్‌ను తగ్గించేస్తుంది. భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. అవే ఐదేళ్లుగా ఆయిల్ మార్చని బ్రేకులైతే?

ఘాట్ దిగే ముందు బ్యాటరీలో కొంత ఖాళీ ఉంచుకోవాలి. బ్రేక్ ఆయిల్‌ను గడువులోగా మార్పించాలి. "ఎలక్ట్రిక్ కారుకు సర్వీసింగే అక్కర్లేదు" అని నాలా సలహా ఇచ్చే బంధువులను ఈ విషయంలో నమ్మకండి.

ఇంకా చూడాల్సినవి

టైర్లు: బ్యాటరీ వల్ల ఎలక్ట్రిక్ కారు అదే పరిమాణంలోని పెట్రోల్ కారు కంటే బరువుగా ఉంటుంది. మోటారు నిలబడిన చోటు నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది. రెండూ కలిసి టైర్లను త్వరగా అరగదీస్తాయి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాల్సిందే. ఎలక్ట్రిక్ కారులో త్వరగా వచ్చే పెద్ద ఖర్చు ఇదే. అక్కకు చూపించిన ప్లాన్‌లో టైర్లు లేవు.

కూలెంట్: బ్యాటరీని, మోటారును చల్లబరిచే ద్రవం. ఎప్పుడు మార్చాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. మట్టం మాత్రం ప్రతి తనిఖీలో చూడాలి. మాన్యువల్ చెప్పిన రకం తప్ప వేరేది పోయకూడదు.

చిన్న బ్యాటరీ: పెద్ద బ్యాటరీ ఉన్నా, లైట్లు, తాళాలు, కంప్యూటర్లు పనిచేయడానికి చాలా కార్లలో 12 వోల్టుల బ్యాటరీ విడిగా ఉంటుంది. అది పాతబడితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు కదలదు. మన ఎండలకు దాని ఆయుష్షు ఇంకా తగ్గుతుంది.

ఏసీ ఫిల్టర్, వైపర్లు, వీల్ అలైన్‌మెంట్: ఇవి ఏ కారుకైనా ఒకటే.

హై వోల్టేజి భాగాలు: నారింజ రంగు తీగలున్న చోట సొంతంగా చేయి పెట్టకూడదు, రోడ్డు పక్క మెకానిక్ చేత విప్పించకూడదు. ఇన్సులేషన్ దెబ్బతింటే పసిగట్టే ఏర్పాటు కారులోనే ఉంటుంది. హెచ్చరిక దీపం వెలిగితే నేరుగా అధీకృత సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి.

బ్యాటరీ ముసలితనాన్ని సర్వీసింగ్ ఆపగలదా?

షోరూమ్‌లో ఎక్కువగా భయపెట్టేది బ్యాటరీ పేరు చెప్పే. లిథియం అయాన్ బ్యాటరీలో గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ ఉపరితలం మీద ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై సన్నని పొర ఏర్పడుతుంది. ఆ పొర కొంతవరకు రక్షణే. కానీ అది నెమ్మదిగా మందమవుతూ లిథియంను తనలో బంధించేస్తుంది. బంధించిన లిథియం ఇక ఛార్జిని మోయదు, బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది. కారు కదలకుండా నిలబడి ఉన్నా ఇది జరుగుతూనే ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది ఒక స్థూల సూత్రం. రామగుండం మే నెల ఎండలో నిలబెట్టిన కారుకూ, చెట్టు నీడన పెట్టిన కారుకూ తేడా ఇక్కడే వస్తుంది.

సీల్ చేసిన సెల్‌లో మందమైన పొరను ఏ సర్వీస్ సెంటరూ తుడిచి తీయలేదు. వాళ్లు చేయగలిగేది కూలింగ్ సరిగా ఉందో, కనెక్షన్లు బిగువుగా ఉన్నాయో, సాఫ్ట్‌వేర్ తాజాగా ఉందో చూడటం. అది అవసరమే. కానీ బ్యాటరీ ఎన్నాళ్లు మన్నుతుందనేది ఎక్కువగా మన అలవాట్ల మీద ఆధారపడుతుంది. నీడలో పార్క్ చేయడం, వేడెక్కి ఉన్న కారుకు రోజూ ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టకపోవడం, నిండుగా ఛార్జి చేసి రోజుల తరబడి వదిలేయకపోవడం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీలకు అప్పుడప్పుడూ పూర్తిగా ఛార్జి చేయమని కొన్ని కంపెనీలే చెబుతాయి. ఈ విషయంలో మాన్యువల్ మాటే వినాలి. ఈ అలవాట్లకు రూపాయి ఖర్చు లేదు.

లీజు లెక్క

ఇప్పుడు ఆ 36 వేల సంగతి. ముందు "నెలకు వెయ్యి" అన్న మాట. 36 వేలను 36తో భాగిస్తే వెయ్యే. కానీ లీజులో కలిపితే దానికీ వడ్డీ పడుతుంది. ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుంటే నెలకు దాదాపు 1,162 రూపాయలు, మూడేళ్లకు 41,800 రూపాయల పైచిలుకు.

తర్వాత అదనపు వారంటీ. కారుకు కంపెనీ ఇచ్చే మామూలు వారంటీ మూడేళ్లు. బ్యాటరీకి విడిగా 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. అదనపు వారంటీ పనిచేసేది నాలుగో, ఐదో ఏట. అక్క లీజు మూడో ఏడాదితో ముగుస్తుంది. నాలుగో ఏట ఆ కారు అక్క దగ్గర ఉండదు. లీజు కంపెనీదో, దాన్ని కొనుక్కున్న ఇంకొకరిదో అవుతుంది. అంటే ఎవరో వాడబోయే కారుకు అక్క 16 వేలు కడుతోంది. లీజు ముగిశాక కారును తానే కొనుక్కునే ఉద్దేశం ఉంటే తప్ప ఇందులో అర్థం లేదు. ఇదంతా తేదీలు పక్కపక్కన రాసుకుంటే చాలు, తేలిపోతుంది.

ఇక మెయింటెనెన్స్ ప్లాన్. మాన్యువల్ ప్రకారం ఏడాదికి ఒకసారి లేదా 15,000 కి.మీ.కు ఒకసారి, ఏది ముందైతే అప్పుడు తనిఖీ. అక్క ఏడాదికి తిరిగేది 12,000 కి.మీ. లోపే. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి విడివిడి ధరలు అడిగింది. మూడు తనిఖీలు 6,000, మూడు ఏసీ ఫిల్టర్లు 2,400, ఒకసారి బ్రేక్ ఆయిల్ 1,600, వైపర్లు 1,200. మొత్తం 11,200, పన్నుతో 13 వేల చిల్లర. ప్లాన్ ధర 20 వేలు.

మరి ఎక్కువ తిరిగేవారికి ప్లాన్ లాభమా? ఏడాదికి 30,000 కి.మీ. తిరిగితే మూడేళ్లలో ఆరు తనిఖీలు అవుతాయి. విడిగా కడితే 23 వేలు దాటుతుంది, 20 వేల ప్లానే నయమనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ప్లాన్ షరతుల్లో చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది: మూడేళ్లు లేదా 45,000 కి.మీ., ఏది ముందైతే అది. అంత తిరిగేవారికి ప్లాన్ ఏడాదిన్నరకే అయిపోతుంది. అందేవి మూడు తనిఖీలే. కిలోమీటర్ల పరిమితి లేని ప్లాన్ అయితే లెక్క వేరు. అందుకే ప్రతివారూ తమ అంకెలు తామే వేసుకోవాలి.

నైట్రోజన్ గాలి, అమెరికా నిబంధన

ఈ ఒత్తిడి ఇక్కడిదే కాదు. అమెరికాలో కార్ల లీజు బాగా వాడుకలో ఉంది. అక్కడి మన తెలుగువాళ్లలో చాలామందికి డీలర్ దగ్గరి ఫైనాన్స్ గది పరిచయమే. ధర మాట్లాడుకుని అలసిపోయాక, చివరి సంతకాల సమయంలో ఒకదాని వెంట ఒకటి ప్లాన్లు చూపించే గది అది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో ఒక నిబంధనను ఖరారు చేసింది. కొనేవారికి ఏ ఉపయోగమూ లేని అదనపు అంశాలకు డబ్బు వసూలు చేయరాదన్నది అందులో ఒక భాగం. దానికి ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి, ఎలక్ట్రిక్ కారుకు ఇంజిన్ ఆయిల్ మార్చే సర్వీస్ కాంట్రాక్టు. మరొకటి, మామూలు గాలిలో ఉన్నదాని కంటే ఎక్కువ నైట్రోజన్ లేని "నైట్రోజన్" టైర్లు. 2025 జనవరిలో అక్కడి అప్పీళ్ల కోర్టు విధానపరమైన లోపం కారణంగా ఆ నిబంధనను కొట్టేసింది. ఉదాహరణల్లోని ఫిజిక్స్ మాత్రం అలాగే ఉంది.

మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. 25 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ నింపిన టైరు 55 డిగ్రీలకు వేడెక్కితే పీడనం సుమారు 38కి చేరుతుంది. పొడి గాలి నింపినా, నైట్రోజన్ నింపినా లెక్క దాదాపు అదే, ఎందుకంటే ఈ పరిస్థితుల్లో రెండూ ఒకే వాయు సూత్రాన్ని పాటిస్తాయి. నెలకోసారి పీడనం సరిచూసుకోవడమే టైరుకు అసలైన సేవ.

వారంటీ పోతుందన్న బెదిరింపు

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తారు. గడువు ప్రకారం సర్వీసింగ్ చేయించాలన్నది వారంటీ షరతు కావచ్చు. అక్క లీజు ఒప్పందంలో కూడా అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే చేయించాలని, కారు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ రికార్డు చూపాలని ఉంది. నా తొలి సలహా విని సర్వీసింగే మానేస్తే అక్క నష్టపోయేది. కానీ గడువు ప్రకారం సర్వీసింగ్ చేయించడం వేరు, దానికి ముందే డబ్బు కట్టే ప్లాన్ కొనడం వేరు. వెళ్లినప్పుడల్లా డబ్బు కట్టి బిల్లు దాచుకున్నా ఆ షరతు తీరినట్లే.

ఒకటి అమ్మాలంటే ఇంకొకటి కూడా కొనాల్సిందే అని షరతు పెట్టడాన్ని మన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 నిర్బంధ వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా గుర్తించింది. ఆ నిర్వచనం సెక్షన్ 2లోని 41వ క్లాజులో ఉంది. ఇలాంటి ఇబ్బంది ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

సంతకానికి ముందు అడగాల్సినవి

ప్లాన్‌లో ఏమేం వస్తాయి? టైర్లు, ప్యాడ్లు, చిన్న బ్యాటరీ ఉన్నాయా?
అవే పనులు విడిగా చేయిస్తే ఒక్కోదానికి ఎంత?
కిలోమీటర్ల పరిమితి ఎంత? నేను తిరిగేది ఎంత?
ప్లాన్, వారంటీ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయి? లీజు ఎప్పుడు ముగుస్తుంది?
లీజులో కలిపితే వడ్డీ, పన్నుతో మొత్తం ఎంత?
లీజు కంపెనీ అద్దెలోనే సర్వీసింగ్‌ను ఇప్పటికే కలిపిందా?
ప్లాన్ లేకపోతే వారంటీ పోతుందని వారంటీ పుస్తకంలో ఏ పేజీలో ఉంది?

సోమవారం అక్క చివరి ప్రశ్న ఒక్కటే అడిగింది. ఆ మాట రాసివ్వమంది. "రాసివ్వడం కుదరదు మేడమ్" అన్నాడట ఆ అబ్బాయి. కాసేపాగి, "మాకూ నెలకు ఇన్ని ప్లాన్లు అమ్మాలని టార్గెట్ ఉంటుంది" అని తనే చెప్పాడట. ప్లాన్ లేకుండానే ఆ వారం కారు ఇంటికొచ్చింది. వచ్చే ఏడాది బ్రేక్ ఆయిల్ మార్పించాల్సిన తేదీని అక్క అప్పుడే ఫోన్లో పెట్టుకుంది. నా ఫోన్లో కూడా పెట్టింది.